కొటేషన్‌లో కాపలా మనిషి కూలి కూడా రాయి

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోన్‌లో బియ్యం మిల్లులో వెల్డింగ్ పని కుదిరిందని చెప్పావు. దాళ్వా ధాన్యం లారీలు రాకముందే, నాలుగు రోజుల్లో ధాన్యాన్ని పైకి మోసే ఎలివేటర్‌కి చూట్లు, అంటే ధాన్యం జారే రేకు గొట్టాలు, మార్చి, ఊక గొట్టానికి చిల్లులు పడ్డచోట పట్టీలు వేసివ్వాలి. రేటు బాగానే మాట్లాడావు. నువ్వు వెల్డింగ్ రాడ్డు కాలుస్తున్నప్పుడు పక్కన నిలబడి నిప్పు ఎక్కడ పడుతుందో చూసేదెవరని అడిగితే, "హెల్పర్ ఉంటాడు కదా మావయ్యా" అని నవ్వేశావు. హెల్పర్ రాడ్లు అందిస్తాడు, కేబుల్ లాగుతాడు, మధ్యలో టీకి పరిగెడతాడు. వాడు చూడలేడు. ఫోన్‌లోనే చెబుదామనుకున్నాను గానీ, "ఆయ్, అలాగేనండి" అని పెట్టేస్తావు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. చించకుండా షాపులో మేకుకి గుచ్చుకో.

నాకు నీ వయసున్నప్పుడు రామచంద్రపురం వైపు ఒక మిల్లులో ఇలాంటి పనే చేశాను. ఊక గొట్టం మీద జానెడు పట్టీ, పది నిమిషాల పని. ముందే చుట్టూ నీళ్లు చల్లాను. రవ్వలు పడ్డ నేలంతా చెప్పుకాలితో తొక్కి చూసుకున్నాను. సాయంత్రం నాలుగున్నరకి కూలి డబ్బులు జేబులో వేసుకుని సైకిలెక్కి వెళ్లిపోయాను. రాత్రి తొమ్మిది దాటాక వాచ్‌మన్‌కి పొగ వాసన వచ్చింది. నేను నేలంతా వెతికాను గానీ నిప్పు పడింది గొట్టం లోపల. రేకు అవతలి మొహానికి అంటుకున్న దుమ్ము కాలి, జారి, ఊక గదిలోకి పోయింది. దాదాపు ఐదు గంటలు చప్పుడు లేకుండా లోపలే తిని, గోనెసంచుల గొడౌన్ వైపు తేలింది. దేవుడి దయవల్ల మనుషులెవరికీ ఏమీ కాలేదు. సంచులన్నీ, పైకప్పులో సగం పోయాయి. ఆ మిల్లు యజమాని నన్ను పల్లెత్తు మాటనలేదు. మళ్లీ పనికి మాత్రం పిలవలేదు.

మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, పెరట్లో దాలి పెట్టేది. పొద్దున్నే పిడకలు పేర్చి, పైన కాస్త ఊక జల్లి, పాలకుండ ఎక్కించేది. సాయంత్రానికి మీగడ ఎర్రగా కట్టేది. రోజంతా చూసినా మంట కనపడేది కాదు. ఊకలో పడ్డ రవ్వ చేసే పని అదే. నివురు గప్పిన నిప్పు అనే మాట పుట్టింది ఇలాంటి చోటే అయ్యుండాలి. కొబ్బరి పీచు పొట్టు ఇంకా మొండిది. పైన తడిపినా అడుగున కాలుతూనే ఉంటుంది. రేపు అమలాపురం వైపు పీచు ఫ్యాక్టరీ పని వస్తే ఈ పేరా మళ్లీ చదువుకో.

ఆ తర్వాత గల్ఫ్ వెళ్లాను కదా. అక్కడ రిఫైనరీలో మొదటి నెల నన్ను వెల్డింగ్ ముట్టుకోనివ్వలేదు. చేతిలో ఒక విజిల్, పక్కన మంటలార్పే ఎర్ర సిలిండర్ ఒకటి పెట్టి, ఇంకొకడు వెల్డింగ్ చేస్తుంటే నిలబడి చూడమన్నారు. దాన్ని ఫైర్ వాచ్ అంటారు. పదేళ్ల అనుభవమున్న వాడిని కాపలా పెడతారా అని గదికొచ్చి అన్నం మానేసినంత పని చేశాను. వారం తిరిగేసరికి అర్థమైంది. వెల్డర్‌కి మొహం మీద నల్లద్దం ఉంటుంది. ఆ అద్దంలోంచి ఆర్క్ మెరుపు తప్ప ఏదీ కనపడదు. వెనక కాళ్ల దగ్గర మంట లేచినా వేడి తగిలేదాకా తెలియదు. వాడి కళ్లు ఇంకొకడు అరువివ్వాలి.

ఆ కాపలా మనిషికి ఇంకో పని చెప్పకు. రాడ్డు అందించమని కూడా అడగకు. ఫోన్ జేబులోంచి తీయకూడదు. గోడకో, రేకుకో, పై అంతస్తు నేలకో వెల్డింగ్ అయితే అవతలి వైపు ఇంకొకరుండాలి, ఎందుకంటే ఇనుము వేడిని మోసుకెళ్లి అటు దించుతుంది. పని ఆగిన వెంటనే ఇంటికి పంపించకు. మా రోజుల్లో అరగంట ఉండమనేవారు. అమెరికా వాళ్ల హాట్ వర్క్, అంటే నిప్పు పుట్టే పనుల, ప్రమాణాల్లో 2019 నుంచి దాన్ని గంట చేశారు. ఊక, పీచు, గోనె ఉన్నచోట నాకు గంట కూడా చాలదు. గంట కాపలా అయ్యాక, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి మిల్లుకెళ్లి రేకు మీద చెయ్యి పెట్టి చూసి రా. లేదా వాచ్‌మన్‌కి ఏ చోట, ఎన్ని గంటలకి చూడాలో చెప్పి, అతను చూశాక ఫోన్ చేయించుకో. రోజు పని సాయంత్రం మూడుకల్లా ముగిసేలా పెట్టుకుంటే ఆ గంట కాపలా వెలుతురులోనే అయిపోతుంది. ఆఖరి గంటలో హడావుడిగా వేసే నాలుగు అతుకులే కొంప ముంచుతాయి.

గల్ఫ్‌లో మాకు పెట్టిన క్లాసులో ఒక ఓడ ఫొటో చూపించారు. నార్మాండీ అని ఫ్రెంచి వాళ్ల పెద్ద ప్రయాణికుల ఓడ. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్లు తీసుకుని, న్యూయార్క్ రేవులో సైన్యం కోసం మారుస్తున్నారు. 1942 ఫిబ్రవరి 9న లోపల హాల్లో ఇనుప స్తంభాన్ని గ్యాస్‌తో కోస్తుంటే రవ్వలు ఎగిరి పక్కనే పోసిన లైఫ్ జాకెట్ల గుట్ట మీద పడ్డాయి. ఆ జాకెట్లలో ఏముంది అనుకున్నావు? బూరుగు దూది. మన పరుపుల్లో కూరుకునేదే. ఓడంతా అంటుకుంది, ఆర్పడానికి పోసిన నీళ్ల బరువుకి మర్నాటికి రేవులోనే పక్కకి ఒరిగిపోయింది. అంత పెద్ద ఓడ ముందు మన మిల్లెంత? ఆ గుట్టని దూరంగా జరిపించే మనిషి ఒక్కడుంటే చాలేది.

జరపడం అన్నాను కదా, ఎంత దూరమో చెబుతాను. చుట్టూ 11 మీటర్ల లోపు కాలేది ఏదీ ఉండకూడదు. నీ అడుగులతో పదహారు వేసుకో. ఎత్తు మీద పని అయితే రవ్వ ఇంకా దూరం పోతుంది. సాయంత్రం పైరగాలి లేస్తే దూరానికి లెక్కే లేదు. పక్కన తాటాకు కొట్టం ఉంటే గాలి ఎటుందో చూడకుండా మొదలుపెట్టకు. జరపలేనివి ఉంటాయి, దూలాలు, కేబుళ్లు, బెల్టు లాంటివి. వాటి మీద ఫైర్ బ్లాంకెట్ కప్పు. తడి గోనెసంచి కప్పడం మనందరికీ అలవాటే, కానీ అది ఎండలో అరగంటకే ఆరిపోయి తానే పుల్లలా తయారవుతుంది. కప్పితే తడుపుతూ ఉండాలి. నేలలో కన్నాలు, పగుళ్లు, గొట్టాల చుట్టూ సందులు ముయ్యి. రవ్వ నేల మీద గోళీలా దొర్లుతూ పోయి సందు దొరికితే దూరిపోతుంది.

దీనికన్నా ముందు అడగాల్సిన మాట ఇంకోటుంది. అక్కడే కాల్చాలా? చూటు బోల్టులు విప్పి ఆవరణలోకి తెచ్చుకుంటే, చెట్టుకింద కూర్చుని హాయిగా అతుక్కోవచ్చు. మళ్లీ ఎక్కించడానికి రెండు గంటలు ఎక్కువ పడితే పడనీ. పట్టీని రబ్బరు వాషరు వేసి బోల్టులతో బిగించినా నిలుస్తుంది. మనవాళ్లకి రాడ్డు పట్టుకుంటే తప్ప పని చేసినట్టుండదు, అదొక జబ్బు. నాకూ ఉండేది.

విప్పలేనిది ఉంటే, ఎలివేటర్ ఆపించి, ఫ్యూజులు పీకించి నీ జేబులో వేసుకో. బకెట్లు, బెల్టు, అడుగు గుంత, అన్నీ ఊడ్పించు. గాలిలో తేలే తవుడు దుమ్ముకి రవ్వ తగిలితే కాలదు, పేలుతుంది. ఎలివేటర్ లోపలి బెల్టు రబ్బరు. అది అంటుకుందంటే ఆ నిలువు గొట్టమే పొగగొట్టంలా లాగి మంటని పైదాకా తీసుకుపోతుంది. వెల్డింగ్ మిషన్ ఎర్త్ క్లాంప్ కూడా అతుకు పక్కనే కొరికించు. దూరాన ఏ దూలానికో తగిలిస్తే కరెంటు వెతుక్కుంటూ పోయే దారిలో, వదులు బోల్టు దగ్గర ఇంకో రవ్వ పుడుతుంది.

గ్యాస్ కటింగ్ సెట్ గురించి నీకు తెలుసు, అయినా రెండు మూడు చెబుతాను. ఆక్సిజన్ రెగ్యులేటర్‌కి నూనె, గ్రీజు తగలకూడదు. బిగిసిందని చుక్క ఆయిల్ వేశావా, అది నిప్పు లేకుండానే అంటుకోగలదు. ఉక్కగా ఉందని ఆక్సిజన్ గొట్టంతో చొక్కాలోకి గాలి కొట్టుకునే కుర్రాళ్లని చూశాను. ఆ చొక్కాకి తర్వాత రవ్వ తగిలితే దీపం వత్తిలా అంటుకుంటుంది. అసిటిలిన్ సిలిండర్ ఎప్పుడూ నిలువుగానే. ఆటోలో పడుకోబెట్టి తెస్తే దించి కాసేపు నిలబెట్టి అప్పుడు తెరువు, లోపలుండే అసిటోన్ ద్రవం అడుక్కి దిగాలి. దాని రెగ్యులేటర్ మీద ప్రెషర్ ముల్లు ఒక కేజీ దాటనివ్వకు. ఎల్‌పీజీతో కోస్తుంటే ఇంకో సంగతి, అది గాలి కన్నా బరువు. లీకైతే ఎలివేటర్ గుంతలోకి దిగి కూర్చుంటుంది. మధ్యాహ్నం భోజనానికి వెళ్లేటప్పుడు కటింగ్ టార్చ్ గుంతలో వదిలెయ్యకు, సిలిండర్ దగ్గరే కట్టెయ్యి. రెండు గొట్టాలకీ ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లు, అంటే మంట గొట్టంలోకి వెనక్కి పోకుండా ఆపేవి, కొను. ఇది బతిమాలుతున్నాను, మిగతావి చెబుతున్నాను.

ఇప్పుడు డ్రమ్ముల సంగతి. భీమవరం వైపు రొయ్యల చెరువుల వాళ్లు ఖాళీ డీజిల్ డ్రమ్ము తెచ్చి "మధ్యకి కోసివ్వు తమ్ముడూ, రెండు నిమిషాలు" అంటారు. కొయ్యకు. నిండు డ్రమ్ము కన్నా ఖాళీ డ్రమ్మే ప్రమాదం. నిండుగా ఉంటే లోపల ఆవిరికి చోటు తక్కువ. ఖాళీది ఆవిరితో, గాలితో నిండి ఉంటుంది. డీజిల్ కదా, పెట్రోల్ కాదు కదా అంటారు. టార్చ్ వేడికి గోడకంటిన జిడ్డు డీజిలే ఆవిరవుతుంది. సబ్బుతో కడిగానన్నా, అంచు మడతలో మిగులుతుంది. ఫ్యాక్టరీల్లో అయితే దీనికి చట్టమే పెట్టారు. 1948 ఫ్యాక్టరీల చట్టం 37వ సెక్షన్‌లో, మండే సరుకు ఉన్న ట్యాంకుని, ఒకప్పుడు ఉన్న ట్యాంకుని కూడా, ఆ సరుకుని, దాని ఆవిరిని తీసెయ్యకుండా వెల్డింగ్‌కి, కటింగ్‌కి పెట్టకూడదని రాశారు. నీ షాపు ముందు రోడ్డు మీద కోస్తే చట్టం చూడదేమో గానీ డ్రమ్ము చూస్తుంది. మంచినీళ్ల డ్రమ్ము కొనుక్కోమని చెప్పి పంపించు. నీకు రెండు వందల కూలి పోతుంది, అంతే.

గ్యాస్ పైపుల బోర్డులున్న పొలాల పక్కన గేట్లు, కంచె పనులు ఒప్పుకునేటప్పుడు కూడా ముందు ఆ బోర్డు మీది నంబరుకి ఫోన్ చెయ్యి. 2014 జూన్ 27 తెల్లవారుజామున మన కోనసీమలో నగరం అనే ఊళ్లో గ్యాస్ పైప్‌లైన్ పేలి ఇరవై మందికి పైగా పోయారు, నీకప్పుడు ఊహ తెలిసిన వయసే. వంట గ్యాస్‌కి వాసన కలుపుతారు కాబట్టి పట్టేస్తాం. ఆ పైపుల్లో పోయే సహజవాయువుకి సొంతంగా వాసన లేదు.

ఆర్పడానికి ఏముంచుకోవాలంటే, ఊకకీ గోనెకీ నీళ్లే. పొడి చిమ్మే సిలిండర్ పైమంటని చంపుతుంది గానీ లోపలి నిప్పుని చేరదు, ఊక గుట్ట విప్పి తడపాల్సిందే. ప్యానెల్ బోర్డుకీ మోటారుకీ మాత్రం నీళ్లు కొట్టకు, అక్కడ కార్బన్ డయాక్సైడ్ సిలిండర్. మిల్లు కాలవ పక్కనే ఉంది కదా అని ధీమా పడకు. వేసవిలో కాలవలు కట్టేశాక అడుగున మిగిలేది బురద. కట్టకముందైనా గట్టు దిగి బకెట్టు ముంచి ఎక్కేసరికి పని అయిపోతుంది. మోటారుకి తగిలించిన హోస్ పైపు, నీళ్లు వస్తున్నాయని ఒకసారి చూసుకున్నది, చేతికందేంత దూరంలో ఉండాలి. 101 అందరికీ తెలుసు. ఫైరింజన్ ఆ గట్టు రోడ్డు మీద ఏ వైపు నుంచి రాగలదో తెలిసినవాళ్లు తక్కువ, ముందే చూసిపెట్టుకో. పాలిస్టర్ చొక్కాలు మానెయ్, నూలు వేసుకో. ప్యాంటు అంచు మడవకు, రవ్వలు అందులో పడి కూర్చుంటాయి.

చివరికి డబ్బు సంగతి. కాపలా మనిషికి నాలుగు రోజుల కూలి, రోజుకో గంట ఎక్కువ కలిపి, కొటేషన్‌లో విడిగా ఒక లైనుగా రాయి. రేటులో కలిపేస్తే బేరంలో మొదట ఎగిరిపోయేది అదే. మిల్లు యజమాని "ఇదేంటయ్యా కొత్తగా, ఇంతకుముందు ఎవరూ అడగలేదు" అంటాడు. అంటే వాదించకు. "మీ మనిషినే పెట్టండి, కూలి మీరే ఇచ్చుకోండి, కానీ నాలుగు రోజులూ అతనికి వేరే పని చెప్పకూడదు" అను. చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఆ పని వదిలెయ్. సంక్రాంతి అప్పులు తీరలేదని నాకు తెలుసు, ఆ మాట మీ అత్తయ్యతో మాట్లాడుకుందాం, అది వేరే.

కొటేషన్ ఇచ్చే ముందు ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టు. మొదటి రోజు నేనూ వస్తాను. మోకాళ్లు నొప్పులు గానీ కళ్లు బాగానే ఉన్నాయి, కుర్చీ ఒకటి వేయించు చాలు.

మీ మావయ్య