‘సో వాట్’ వాయించే ముందు, అల్లుడికి

నల్లగొండ

అల్లుడా,

పాలమూరులో మీ కాలేజీ ఫంక్షన్‌కు నువ్వు అమెరికా జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ పాట ‘సో వాట్’ కీబోర్డు మీద వాయిస్తున్నావని నిన్న రాత్రి అక్క ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషమైంది. ఆ తర్వాత నీ మెసేజ్ చూశాను. యాప్‌లో పెడితే టెంపో 68, స్కేలు సీ మేజర్, మూడ్ శాడ్ అని వచ్చిందట. ఆ మూడు మాటలూ పక్కన పెట్టు.

ముందు ఇయర్‌ఫోన్స్ పెట్టుకో. ఫోన్ స్పీకర్లో బేస్ (లావు గొంతు తీగవాద్యం) సరిగ్గా వినపడదు, ఈ పాటలో లెక్క చెప్పేది బేసే. మొదట్లో పియానో, బేస్ తాళం లేకుండా మెల్లగా తిరుగుతుంటాయి, అక్కడ లెక్కపెట్టకు. ట్రంపెట్ సోలో మొదలైనంక పాల్ చేంబర్స్ బేస్ దెబ్బకొక స్వరం చొప్పున నడుస్తూ పోతుంది. ఆ నడకకు కాలు కలిపి 15 సెకన్లు లెక్కపెట్టు. 34 దాకా వస్తుంది, అంటే నిమిషానికి దాదాపు 136. నీ యాప్ రెండు దెబ్బలను ఒకటిగా పట్టింది. చప్పట్లు మాత్రం మన భజనలో లాగా ఒకటో దెబ్బ మీద కొట్టకు, రెండు, నాలుగు మీద కొట్టు. ఒంటికి పట్టడానికి రెండు మూడు రోజులు పడుతుంది, టెన్షన్ పడకు.

స్కేలు సంగతి. మొదటి 16 బార్లూ (బార్ అంటే నాలుగు దెబ్బలు) తెల్ల మెట్లే కాబట్టి యాప్ సీ మేజర్ అంది. పాట నడుస్తుండగా ‘సీ’ నొక్కి పట్టి చూడు, కుదరదు. ‘డీ’ పట్టు, ఇల్లు చేరినట్టు ఉంటుంది. అదే షడ్జమం, మన లెక్కలో రెండు శ్రుతి. అక్కడి నుంచి తెల్ల మెట్లు ఎక్కుతూ పోతే మన ఖరహరప్రియ స్వరాలే, వాళ్ళు డోరియన్ అంటారు. తర్వాత 8 బార్లకు మొత్తం రెండున్నర శ్రుతికి జరుగుతుంది, అందులో తెల్లవి ఎఫ్, సీ రెండే. చివరి 8 బార్లకు మళ్ళీ రెండుకు దిగుతుంది. ఎక్కే చోటు, దిగే చోటు కళ్ళు మూసుకుని పదిసార్లు విను. ఈ పాటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఆ రెండు చోట్లే.

నాకు జరిగింది ఒకటి చెప్తాను. నేను దీన్ని మొదట విన్నది ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత క్యాసెట్లో. మా నాయన హార్మోనియం ముందు పెట్టుకుంటే రెండుకూ కలవదు, రెండున్నరకూ కలవదు. తప్పు పెట్టెదే అనుకుని మేస్త్రీతో రీడ్లు గీకించి శ్రుతి పెంచించాను. ఆ తర్వాత భజనలో ఏ వాయిద్యానికీ కలవలేదు. రీడ్లు మార్పించాల్సి వచ్చింది. నాయన చేతి కింద పలికిన రీడ్లు అవి, ఇప్పటికీ బాధే.

కారణం కొన్నేళ్ళకు తెలిసింది. 1959 మార్చి 2న న్యూయార్క్‌లో రికార్డు చేసిన నాడు టేపు మెషీన్ కొంచెం నెమ్మదిగా తిరిగిందట. ఆ టేపును మామూలు వేగంతో తిప్పేసరికి పాట వేగమూ పెరిగింది, శ్రుతీ పెరిగింది. ఈ పాట ఉన్న ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఆల్బమ్ మొదటి వైపు మూడు పాటలూ అట్లనే వస్తూ పోయాయి, 1992లో సరిచేశారు. నువ్వు వింటున్నది పాత ఎల్‌పీ నుంచి ఎక్కించిందేమో చూడు. కలవకపోతే కీబోర్డు ట్యూనింగ్ ముట్టుకోకు, కాపీ మార్చు.

ఇక మూడ్. మెత్తటి గాంధారం వినపడగానే శాడ్ అనేస్తారు. ఇదే పాటను డేవిస్ 1964 ఫిబ్రవరిలో న్యూయార్క్ కచేరీలో వాయించాడు, అదీ విను. షడ్జమం అదే, స్వరాలు అవే, వేగం మాత్రం ఊపిరాడనివ్వదు. అందులో నీకు ఏడుపు ఎక్కడైనా వినపడితే చెప్పు. 1959 నాటిది వింటే నాకు పొద్దుగూకినంక పానగల్లులో ఉదయ సముద్రం కట్ట మీద కూర్చున్నట్టు ఉంటుంది. డేవిస్ రెండు మాటలు చెప్పి ఆగుతాడు, ఆ ఖాళీని నింపాలని తొందరపడడు. నువ్వూ నింపకు, కీబోర్డు వాళ్ళకు ఆ అలవాటు ఎక్కువ.

ఇంకొకటి. ఇందులో పాట ఎత్తుకునేది బేస్. ఒగ్గుకథలో కథకుడు మాట విసిరితే వంత అందుకున్నట్టు, బేస్ ఒక మాట అనగానే మొదట పియానో, తర్వాత ట్రంపెట్, సాక్సఫోన్లు రెండు దెబ్బల్లో జవాబు చెప్తాయి. ఆ రెండు దెబ్బలే నీ పని. మొదటిది కాస్త సాగనివ్వు, రెండోది పొట్టిగా తెంపు.

ఆదివారం కీబోర్డు తీసుకుని రా. బేస్ మాట నేను హార్మోనియం మీద అంటాను, జవాబు నువ్వు చెబుదువు.

మీ మామ