నాలుగు పేర్లు రాశారు, ఒక్కటీ మీది కాదు

ప్రశ్న: నల్గొండ జిల్లాలోని ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ నా సబ్జెక్టులు. ఎంసెట్‌లో మంచి ర్యాంకు రాక డిగ్రీలో చేరాను. నాన్నకు కిరాణా దుకాణం ఉంది. ఆడపిల్లకు టీచర్ ఉద్యోగమే మేలు, బీఈడీ చెయ్యి అంటారు. గ్రూప్-2కి చదువుతున్న అన్నయ్య తనతో పాటు కోచింగ్‌కు రమ్మంటాడు. ఇంజినీరింగ్ చదివే స్నేహితురాలు అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరదామంటోంది, ఫీజు రూ.50 వేలు. మా కంప్యూటర్స్ సార్ ఎంసీఏ చేయమంటారు. కాని నేను మూడో సెమిస్టర్‌లో డేటా స్ట్రక్చర్స్ తప్పాను. స్టాటిస్టిక్స్ మాత్రం ఫరవాలేదు, ప్రాక్టికల్స్‌లో లెక్క సరిపోయేదాకా వదలబుద్ధి కాదు. డిగ్రీ అవగానే సంబంధాలు చూస్తామంటున్నారు. నాకు ఏది ఇష్టమో నాకే తెలియడం లేదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి బీఈడీ, గ్రూప్-2, సాఫ్ట్‌వేర్, ఎంసీఏ కనిపించాయి. రెండోసారి చదివితే ఆ నాలుగూ నాలుగు నోళ్లలోంచి వచ్చినవని తెలిసింది. ఒకటి నాన్నది, ఒకటి అన్నయ్యది, ఒకటి స్నేహితురాలిది, ఒకటి మీ సార్‌ది. మీ సొంత మాట ఉత్తరం మొత్తంలో ఒక్కటే ఉంది. దాన్ని కూడా ‘ఫరవాలేదు’ అంటూ మీరే పక్కకు నెట్టేశారు. ఆ మాట దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు మిగతా నాలుగింటి సంగతి చూద్దాం, లేకపోతే మీ ఇంట్లో ఎవరూ నా మాట వినరు.

మీ నాన్నగారి సలహాను కొట్టిపారేయకండి. టీచర్ ఉద్యోగం మంచి ఉద్యోగమే. కాని ఆయన మనసులో ఉన్న లెక్క పాతది. తెలంగాణలో ఉపాధ్యాయ నియామకాలు 2017 తర్వాత మళ్లీ పూర్తయింది 2024లోనే. మధ్యలో 2023లో ఇచ్చిన ప్రకటన రద్దయింది. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు అనగానే అందరికీ ఆశ పుట్టింది. వాటిలో 6,508 ఎస్జీటీ పోస్టులు, అంటే ప్రాథమిక తరగతుల టీచర్లవి. బీఈడీ చేసినవారికి ఆ పోస్టులు లేవు. ప్రాథమిక తరగతులకు బీఈడీ అర్హత చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, అవి డీఈఎల్‌ఈడీ అనే డిప్లొమా చేసినవారివి. హైస్కూలు తరగతులకు చెప్పే స్కూల్ అసిస్టెంట్ పోస్టులు 2,629. అవి అన్ని జిల్లాలకూ, అన్ని సబ్జెక్టులకూ కలిపి. అందులో మీ జిల్లా ఎంత, మ్యాథ్స్ ఎంత, మీ రిజర్వేషన్ వాటా ఎంత అని భాగిస్తూ పోతే చివరికి ఏం మిగులుతుందో స్టాటిస్టిక్స్ విద్యార్థికి నేను చెప్పాలా?

గురుకులాలు ఉన్నాయి, ప్రైవేటు బడులు ఉన్నాయి, నిజమే. అందుకే బీఈడీ వద్దు అనడం లేదు. పిల్లలకు పాఠం చెప్పడం నచ్చితే తప్పకుండా చేయండి. ఎడ్‌సెట్ ఏటా జరుగుతుంది, కోర్సు రెండేళ్లది, రేపు చేసినా చెల్లుతుంది. ‘ఆడపిల్లకు మేలు’ అన్న ఒక్క కారణంతో మాత్రం చేయకండి. నచ్చని పని మగవాళ్లను ఎంత విసిగిస్తుందో ఆడవాళ్లనూ అంతే విసిగిస్తుంది.

గ్రూప్-2 విషయం కాస్త నిక్కచ్చిగా చెబుతాను, మీ అన్నయ్యకు కోపం వచ్చినా సరే. 783 పోస్టులకు 2022 డిసెంబరులో ప్రకటన వచ్చింది. పరీక్ష 2024 డిసెంబరులో జరిగింది. తుది ఎంపిక జాబితా 2025 సెప్టెంబరులో వచ్చింది. ఒకే ఒక ప్రకటనకు దాదాపు మూడేళ్లు. ఇరవై రెండేళ్లకు మొదలుపెట్టిన మనిషికి అది ముగిసేసరికి ఇరవై అయిదు వచ్చేస్తుంది. గ్రూప్-1 అభ్యర్థుల కథ ఇంకా ఘోరం. 2022 ప్రకటన మీద ప్రిలిమ్స్ రెండుసార్లు జరిగి, రెండుసార్లూ రద్దయి, చివరికి 2024లో కొత్త ప్రకటనే వేశారు. వీటిని లక్ష్యంగా పెట్టుకున్నవారిని నేను తక్కువ చేయను, వాళ్ల ఓర్పు ముందు మనం ఏపాటి. కాని చేతిలో ఇంకేమీ లేకుండా ఆ వరుసలో నిలబడటం మాత్రం ప్రమాదం. మీ అన్నయ్య దగ్గర రెండో దారి ఏమిటో ఒకసారి అడగండి. పోట్లాటకు కాదు, అతనికీ ఆ ప్రశ్న వేసేవాళ్లు కావాలి.

సాఫ్ట్‌వేర్ కోర్సుకు ఇప్పుడు రూ.50 వేలు కట్టవద్దు. డేటా స్ట్రక్చర్స్ తప్పినవారు అదే పాఠాన్ని డబ్బు పోసి వేరే చోట మొదలుపెట్టడం ఎందుకు? ముందు ఆ సబ్జెక్టు పాస్ కండి. పీజీ ప్రవేశాలకైనా ఉద్యోగాలకైనా అదే మొదటి మెట్టు. ఎన్‌పీటీఈఎల్ పేరుతో ఐఐటీలు ఆన్‌లైన్‌లో పెట్టే పాఠాలు ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలనుకుంటేనే రుసుము. మీ కళాశాల ‘టాస్క్’లో నమోదై ఉందేమో ప్రిన్సిపల్ గారిని అడగండి. రాష్ట్ర ప్రభుత్వం నడిపే నైపుణ్య శిక్షణ సంస్థ అది, దగ్గరలోనే ఉన్నా అడిగేవాళ్లు తక్కువ. ఇక ఎంసీఏ చెడ్డ దారి కాదు, ఐసెట్ రాస్తే చాలు. అయితే డేటా స్ట్రక్చర్స్ మళ్లీ చదివేటప్పుడు అది మీకు అర్థం కాలేదా, లేక అసలు చదవలేదా అన్నది తేలాలి. ఆ రెండూ ఒకటి కావు. అది తేలాకే ఎంసీఏ గురించి ఆలోచించండి.

ఇప్పుడు మీరు పక్కకు నెట్టిన మాట. ‘లెక్క సరిపోయేదాకా వదలబుద్ధి కాదు.’

ఇన్నేళ్లుగా విద్యార్థులతో మాట్లాడుతున్నాను. ‘నాకు ఫలానాది ఇష్టం’ అని చెప్పేవారిని పెద్దగా నమ్మను. ఇష్టం అనేది క్రికెట్ చూసినప్పుడూ కలుగుతుంది. పని తప్పుగా వచ్చినప్పుడు మనిషి ఏం చేస్తాడన్నదే నాకు ముఖ్యం. పక్కవాడి రికార్డు చూసి సరిదిద్దుకుంటాడా, పుస్తకం మూసేస్తాడా, లేక ఎక్కడ పొరపాటు జరిగిందో వెతుక్కుంటూ భోజనం వేళ దాటిపోయిందని మరిచిపోతాడా? మీరు మూడో రకం అని మీరే రాశారు. అయితే అది ప్రాక్టికల్ రికార్డు వరకేనా, బయటి లెక్కలకూ వర్తిస్తుందా అన్నది మీకూ నాకూ తెలియదు. అది తెలుసుకోవడానికి డబ్బు అక్కర్లేదు. మీ ఇంట్లోనే సరంజామా ఉంది.

మీ నాన్నగారి ఖాతా పుస్తకం అడిగి తీసుకోండి. ఆరు నెలల అరువు లెక్కలను ఎక్సెల్‌లోకి ఎక్కించండి. పేర్లు వద్దు, సంఖ్యలు చాలు. ఏ నెలలో అరువు పెరుగుతోంది, ఎన్ని రోజులకు తిరిగి వస్తోంది, ఎంత అసలు రావడం లేదు? సగటు తీస్తే ఒక జవాబు వస్తుంది, మధ్యగతం తీస్తే ఇంకొకటి వస్తుంది. ఎందుకు వేరుగా వచ్చాయో మీ నాన్నగారికి మామూలు మాటల్లో చెప్పగలరా? బ్యాంకుల్లో, బీమా సంస్థల్లో, సర్వే కార్యాలయాల్లో డేటా మనుషులు చేసే పనికి ఇది చిన్న నమూనా. విసుగు పుట్టించే భాగం కూడా ఇందులోనే ఉంది. పుస్తకంలో కొట్టివేతలుంటాయి, తేదీలు వేయని వరుసలుంటాయి. ఆ విసుగును మీరు ఎంతసేపు భరించగలరో గమనించండి. దుకాణంతో సరిపోకపోతే తెలంగాణ ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్‌లో కావలసినన్ని పట్టికలు ఉచితంగా దొరుకుతాయి.

దీనితో పాటు ఒక నెలపాటు సాయంత్రాలు మీ వీధిలో నలుగురు పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పండి. అయిదోసారి అడిగిన ప్రశ్నకు ఆరోసారి జవాబు చెప్పేటప్పుడు మీ గొంతు ఎలా ఉందో చూసుకోండి, బీఈడీ సంగతి తేలిపోతుంది. ఒక ఆదివారం గడియారం పెట్టుకుని ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ జరిపే పరీక్ష) పాత ప్రశ్నపత్రం ఒకటి రాయండి. మార్కులు తక్కువ వస్తే ఏడవనక్కర్లేదు, అది ఎలాంటి పరీక్షో తెలియడానికే ఇది.

సీజీఎల్ పేరు ఊరికే ఎత్తలేదు. అందులో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ అనే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం ఉంది. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉంటే మీకు అర్హత ఉన్నట్లే. రెండో దశలో స్టాటిస్టిక్స్ మీద ప్రత్యేకంగా ఒక పేపర్ ఉంటుంది, మీరు ఇప్పుడు చదువుతున్నదే చాలావరకు అందులో వస్తుంది. మీ అన్నయ్యతో కోచింగ్‌కు వెళ్లి ఆయన సిలబస్ చదవడం కన్నా ఇది మీ చేతికి దగ్గర. యూపీఎస్‌సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్షకూ డిగ్రీలో ఈ సబ్జెక్టు ఉంటే చాలు, 21 ఏళ్లు నిండాలి. కాకపోతే ఆ పరీక్ష బరువు ఎక్కువ, పీజీ చదివి రాయడమే మేలు.

పీజీ అంటే ఉస్మానియా ఒక్కటే అనుకోకండి. సీపీగెట్ రాస్తే మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఎంఎస్సీ స్టాటిస్టిక్స్ సీటు రావచ్చు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి సీయూఈటీ-పీజీ రాయాలి. ఐఐటీల్లో ఎంఎస్సీకి ‘జామ్’ రాయాలి, అందులో మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ పేరుతో విడిగా ఒక పేపరే ఉంది. దరఖాస్తులు సెప్టెంబరులో మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది. ఎంసెట్‌లో ర్యాంకు రాని అమ్మాయి డిగ్రీ చదివి ఐఐటీకి వెళ్లవచ్చని ఇంజినీరింగ్ చదివే మీ స్నేహితురాలికి తెలిసి ఉండకపోవచ్చు. జిల్లా కళాశాలల్లో చాలామందికి ‘జామ్’ పేరు మూడో సంవత్సరం చివర్లో వినపడుతుంది, అప్పటికి గడువు దాటిపోయి ఉంటుంది. మీకు ఇంకా సమయం ఉంది.

గడువు అంటే ఒక సంగతి గుర్తొచ్చింది. ఎస్టిమేషన్, అంటే కొద్ది లెక్కల నుంచి మొత్తాన్ని అంచనా వేసే పాఠంలో, మీకు క్రామర్-రావ్ సిద్ధాంతం అనే పేరు తగులుతుంది. ఆ రావ్ మన తెలుగువారు, సి.ఆర్.రావు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం ఇలా ఊళ్లు మారుతూ చదువుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మ్యాథ్స్ ఎంఏ అయ్యాక పరిశోధన స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెడితే ఆలస్యమైందని తిప్పికొట్టారు. సైన్యంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళితే అదీ రాలేదు. బస చేసిన హోటల్లో తారసపడిన ఒకాయన ద్వారా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ ఇస్తారని తెలిసి 1941లో అక్కడ చేరారు. ఆ సిద్ధాంతం వచ్చిన వ్యాసం 1945 నాటిది, అప్పటికి ఆయనకు పాతికేళ్లు. మీరూ అంతటివారవుతారని చెప్పడానికి ఇది రాయలేదు, అలాంటి పొగడ్తలు నాకు రావు. స్టాటిస్టిక్స్ ఆయన మొదట ఎంచుకున్నది కాదు, చేతికి వచ్చాక వదలనిది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలో ఆయన పేరుతో ఒక పరిశోధన సంస్థ ఉంది. అటు వెళ్లినప్పుడు చూసి రండి.

ఇక పెళ్లి మాట. ‘నాకేది ఇష్టమో తెలియదు’ అని చెప్పిన కూతురికి ఏ తండ్రైనా సంబంధాలే చూస్తాడు. ఆయనను తప్పుపట్టలేం, ఖాళీ కనిపిస్తే పెద్దవాళ్లు దాన్ని తమకు తెలిసినదానితో నింపుతారు. దుకాణం నడిపే మనిషికి తేదీలు, అంకెలు చెబితే నచ్చుతుంది. ‘వచ్చే సెప్టెంబరులో జామ్‌కు దరఖాస్తు పెడతాను. డిగ్రీ పూర్తయ్యాక సీజీఎల్ రాస్తాను. ఎంఎస్సీ సీటు వస్తే రెండేళ్లు. ఏదీ రాకపోతే ఎడ్‌సెట్ రాసి మీరు చెప్పిన బీఈడీలో చేరతాను’ అని ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఆయన మాటకూ అందులో చోటుందని కనిపించాలి. ఖాతా పుస్తకం లెక్కలు చేసి చూపించిన తర్వాత ఈ మాట ఎత్తితే ఇంకా మంచిది. ఒప్పుకోకపోతే మీ అమ్మగారి చేత, మీకు పాఠాలు చెప్పే స్టాటిస్టిక్స్ మేడం ఎవరైనా ఉంటే వారి చేత చెప్పించండి. ఒక్కసారి అడిగి ఊరుకోకండి.

నిద్ర పట్టకపోవడం పరీక్షల దినాల్లో మామూలే. అది వారాల తరబడి సాగుతుంటే, తిండి సహించకపోతే, 14416కు ఫోను చేయండి. టెలీమానస్ అనే ప్రభుత్వ సేవ అది, డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు. మీ స్నేహితులందరూ ఏదో ఒకటి తేల్చుకున్నారని మీకు అనిపించడం సహజమే. కాని ఆ తేల్చుకున్నవారి ఉత్తరాలు కూడా నాకు వస్తుంటాయి.

సెమిస్టర్ పరీక్షలు, తప్పిన సబ్జెక్టు అయ్యాక ఖాతా పుస్తకం పట్టుకోండి. లెక్కలు తేలాక నాకు ఇంకో ఉత్తరం రాయండి. మీ ఊళ్లో అరువు ఏ నెలలో ఎక్కువగా పేరుకుంటుందో తెలుసుకోవాలని నాకూ ఉంది.