ట్రాఫిక్‌లో వేడెక్కే స్పోర్ట్స్ కారు: ఫ్యాన్ మోటారు కొనే ముందు ఎర్త్ చూడండి

మీరు రాసినదాని సారాంశం ఇది. బెంగళూరులో మీరు కొన్న పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారులో, సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో నిలబడితే వేడి ముల్లు పైకి పోతోంది, ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ ఎక్కి వేగం అందుకోగానే దిగివస్తోంది. ఏసీ వేసినా ఎడమ పక్క ఫ్యాన్ తిరగడం లేదు, కారు బాగా వేడెక్కాక మాత్రం నీరసంగా తిరుగుతోంది. ఫ్యాన్ మొత్తం సెట్టు మార్చాలని మెకానిక్ అంటున్నారు. సరిగ్గా ఇవే లక్షణాలు నా కారులోనూ కనిపించాయి, మోటారు మార్చకుండానే, ఎర్త్ (కరెంటు మోటారు నుంచి కారు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) సరిచేయగానే అది బాగుపడింది. కనుక తొందరపడకండి; మోటారు నడుస్తూ కరెంటు లాగుతున్న సమయంలో దానికి ఎన్ని వోల్టులు అందుతున్నాయో కొలిచిన తరువాతే కొనాలా వద్దా అన్నది నిర్ణయించుకోండి.

ముందుగా, తప్పు ఫ్యాన్ వైపే ఉందన్న మీ అనుమానం సరైనదే. కారు వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఫ్యాన్‌తో పని ఉండదు. నిలబడినప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి. హైవే మీద కూడా వేడెక్కే కారైతే థర్మోస్టాట్ (ఇంజను వేడిని బట్టి కూలెంట్ దారిని తెరిచి మూసే వాల్వు), వాటర్ పంపు, పూడుకుపోయిన రేడియేటర్ వైపు చూడమని చెప్పేవాణ్ణి. అయితే ముల్లును పూర్తిగా నమ్మవద్దు. చాలా కార్లలో కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) వేడి కొంత పెరిగినా ముల్లు మధ్యలోనే నిలిచి ఉండేలా కంపెనీలే అమరుస్తాయి. చవకగా దొరికే ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని అంకెలు చూపే పరికరం) పెట్టి అసలు అంకె చూడండి. రాత్రంతా ఆగి ఉన్న కారులో పొద్దున్నే ఆ అంకె బయటి వాతావరణానికి దగ్గరగా ఉంటే సెన్సర్ మీద చాలావరకు నమ్మకం పెట్టుకోవచ్చు.

మీ కారులాగే నా కారులోనూ ఇంజను మధ్యలో ఉంటుంది, రేడియేటర్లు ముందు బంపరుకు రెండు పక్కలా ఉంటాయి, ఒక్కొక్కదానికి ఒక్కో ఫ్యాన్. ఏసీ వేసినప్పుడు, లేదా కూలెంట్ ఒక మోస్తరు వేడెక్కినప్పుడు, కరెంటు దాన్ని తగ్గించే ఒక రెసిస్టర్ గుండా వెళ్లి ఫ్యాన్ తక్కువ వేగంతో తిరుగుతుంది; వేడి ఇంకా పెరిగితే రెండో రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పడి, రెసిస్టర్‌తో సంబంధం లేకుండా నేరుగా కరెంటు అంది పూర్తి వేగం వస్తుంది. ఒకే రకం ఫ్యాన్లు రెండు ఉండటం పరీక్ష చేసేవారికి పెద్ద అదృష్టం, ఎందుకంటే బాగున్న కుడి పక్కను ఎప్పటికప్పుడు ఎడమ పక్కతో పోల్చి చూసుకోవచ్చు. ఫ్యూజు, రిలే సంగతి త్వరగానే తేలిపోతుంది: రెండు పక్కల రిలేలను అటూ ఇటూ మార్చి పెట్టండి, తప్పు కూడా పక్క మారితే దోషం రిలేదే. ఫ్యూజు తీగ తెగలేదని ఊరుకోకుండా దాన్ని బయటికి లాగి, అది కూర్చునే గాడి కరిగిందేమో కూడా చూడండి.

తరువాత మోటారును విడిగా పరీక్షించండి. కనెక్టర్ ఊడదీసి, ఫ్యూజు ఉన్న మందపాటి వైర్లతో బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇవ్వండి. మోటారు జంకు లేకుండా, బలంగా తిరిగితే దానిలో లోపం లేనట్టే. చేతివేళ్లు, వేలాడే బట్టలు రెక్కలకు దూరంగా ఉంచండి. చాలా కార్లలో తాళం తీసేసిన తరువాత కూడా ఫ్యాన్ తనంతట తాను తిరగడం మొదలుపెడుతుంది. వేడి మీద కూలెంట్ మూత ఎట్టి పరిస్థితిలోనూ తెరవవద్దు.

నా మోటారు బ్యాటరీకి తగిలించగానే చక్కగా తిరిగింది. కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెడితే 12.4 వోల్టులు చూపించింది. కరెంటు వస్తోంది, మోటారు బాగుంది, అయినా రెండూ కలిపితే తిరగదు. ఇక్కడికి వచ్చేసరికి చాలామంది విసుగెత్తి కొత్త సెట్టు తెప్పించేస్తారు. నేను జేసీ రోడ్డులో, హిందూపురం నుంచి వచ్చి స్థిరపడిన ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. ఆయన నా మాటలు ఓపికగా విని, "కనెక్టర్ ఊడబెరికి వోల్టేజీ సూస్తే ఏం తెలుస్తాది సార్? తగిలించి సూడల్ల. ముందు ఎర్తు సూద్దాం పట్టండి" అన్నారు.

ఆ మాటలో ఉన్న శాస్త్రం ఇది. కుళాయి కట్టేసి ఉన్నంతసేపూ గొట్టంలో పాచి ఎంత పేరుకున్నా నీటి ఒత్తిడి పూర్తిగానే ఉన్నట్టు కనిపిస్తుంది. తిప్పినప్పుడే ధార సన్నగా రావడం తెలుస్తుంది. కనెక్టర్ ఊడదీసినప్పుడు కరెంటు ప్రవహించదు కాబట్టి తుప్పు పట్టిన అతుకు దగ్గర వోల్టేజీ ఏమీ నష్టం కాదు, మీటరు బ్యాటరీ వోల్టేజీనే చూపిస్తుంది. అందుకని ఆయన కనెక్టర్‌ను తగిలించి ఉంచి, వెనుక నుంచి వైరు పక్కగా సన్నని పిన్నులు దూర్చారు. ఎక్కువ వేగపు రిలేను తీసి, 30, 87 అంకెలున్న గాడుల మధ్య ఫ్యూజు ఉన్న వైరు తగిలించి ఫ్యాన్‌కు పూర్తి కరెంటు ఇచ్చారు. తక్కువ వేగంలో రెసిస్టర్ కొంత వోల్టేజీని తినేస్తుంది కనుక కొలతలు పూర్తి వేగంలోనే తీసుకోవాలి. ఫ్యాన్ ఈడుస్తూ తిరిగింది, మోటారు రెండు కొసల మధ్య ఉన్నది 8 వోల్టులే. మీటరు ఒక కొసను మోటారు ఎర్త్ పిన్ను మీద, రెండో కొసను బ్యాటరీ నెగటివ్ మీద పెడితే దాదాపు 4 వోల్టులు చూపించింది. అక్కడ అర వోల్టు కూడా దాటకూడదు. అంటే మోటారుకు చేరాల్సిన శక్తిలో పెద్ద వాటా ఎర్త్ దారిలోనే వేడిగా పోతోంది. తక్కువ వేగంలో రెసిస్టర్ కూడా తోడవడంతో మోటారు కదలడానికే శక్తి చాలేది కాదు. ఏసీ వేసినప్పుడు తిరగకపోవడానికి, బాగా వేడెక్కాక నీరసంగా తిరగడానికి రెండింటికీ కారణం ఇదే. మీరు చెప్పిన లక్షణాలు చదవగానే నాకు ఇది గుర్తుకు వచ్చింది.

గోధుమ రంగు ఎర్త్ వైరును వెంబడిస్తూ పోతే, అది ఎడమ ముందు చక్రం ఎదుట, ప్లాస్టిక్ కవరు వెనుక బాడీకి బోల్టుతో బిగించి ఉంది. వాన నీళ్లు, సర్వీసులో కొట్టే నీళ్లు అన్నీ చేరే చోటు అది. థింబుల్ (వైరు కొసకు బిగించే లోహపు రింగు) మీద ఆకుపచ్చ పొడి పేరుకుంది, కింద బాడీ రేకు తుప్పుతో పెచ్చులు లేచింది. ఫ్యాన్ కొద్దిసేపు తిరిగాక ఆ బోల్టు మీద వేలు పెడితే చుర్రుమంది. బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, బోల్టు విప్పి, రేకును మెరిసేదాకా ఎమరీ పేపరుతో రుద్దాము. వైరు లోపలి రాగి నల్లబడి ఉంటే ఎర్రటి రాగి కనిపించేదాకా కోసి, కొత్త థింబుల్ నొక్కి బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూశాము. ఆ తరువాత ఎర్త్ వైపు నష్టం లెక్కలోకి రానంత తగ్గింది, ఏసీ మీట నొక్కగానే ఫ్యాన్ అందుకుంది.

మీ కారులో ఎర్త్ బాగుండి, పూర్తి వేగంలో ఫ్యాన్ బలంగానే తిరుగుతూ ఏసీ వేసినప్పుడు మాత్రం తిరగకపోతే రెసిస్టర్ కాలిపోయి ఉంటుంది. ఈ తరహా కార్లలో అది తరచుగా పోయే భాగమే, దాన్ని విడిగా మార్చుకోవచ్చు. బంపరు ఎలాగూ విప్పుతారు కాబట్టి ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందు తప్పక శుభ్రం చేయించండి. నేలకు తక్కువ ఎత్తులో ఉండే ఈ కార్లు రోడ్డు మీది ఆకులన్నిటినీ లోపలికి లాక్కుంటాయి. చెట్లు నిండిన బెంగళూరు వీధుల్లో తిరిగే కారులో అక్కడ ఆకులు పరుపులాగా పేరుకుంటాయి, అప్పుడు ఫ్యాన్ ఎంత బాగా తిరిగినా గాలి ఆడదు. కూలెంట్ మూత రబ్బరు కూడా చూడండి. ఈ ఊరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది కనుక ఇక్కడ మామూలు నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూత ఒత్తిడిని పట్టి ఉంచకపోతే కూలెంట్ కూడా చెన్నైలో కంటే ఇక్కడ ముందుగా పొంగుతుంది.

రెండు సలహాలు మీకు ఎవరో ఒకరు ఇస్తారు, దయచేసి ఒప్పుకోవద్దు. మొదటిది, డ్యాష్‌బోర్డు మీద స్విచ్ పెట్టి ఫ్యాన్‌ను చేత్తో వేసుకోవడం; చెడిన ఎర్త్ అలాగే ఉండి, వైరు కాలే ప్రమాదం మిగిలిపోతుంది. రెండవది, థర్మోస్టాట్ తీసేయడం. దాంతో ఇంజను అందుకోవాల్సిన వేడి అందుకోక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుదల పెరుగుతుంది, ట్రాఫిక్‌లో గాలి లేని రేడియేటర్ మాత్రం ఎప్పటిలాగే వేడెక్కుతుంది.

నేరుగా బ్యాటరీ ఇచ్చినా మోటారు తిరగక, మెల్లగా తట్టితే తిరిగితే లోపలి బ్రష్షులు అరిగినట్టు. అప్పుడు మాత్రం మార్చాల్సిందే. కొత్తది బిగించాక బంపరు మూయకముందే ఫ్యాన్ వేయించి, రేడియేటర్ ముందు ఒక కాగితం పట్టుకుని చూడండి. గాలి దాన్ని లోపలికి లాగి జాలీకి అతికించాలి. బయటికి నెడుతుంటే వైర్లు తారుమారయ్యాయని అర్థం, అప్పటికప్పుడే మార్పించండి.