మయవాడి నుంచి తిరిగొచ్చిన తమ్ముడు: ఏజెంటు మీద కేసు పెడితే ముప్పు మాకేనా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కావలి దగ్గర పల్లె. మా తమ్ముడు బీటెక్ చదివాడు, వయసు 24. బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం, నెలకు 70 వేలు జీతం అని దూరపు బంధువు ద్వారా తెలిసిన ఏజెంటు చెబితే అమ్మ నగలు బ్యాంకులో కుదువపెట్టి లక్షా 60 వేలు ఇచ్చాం. 2024 సెప్టెంబరులో చెన్నైలో విమానం ఎక్కాడు. దిగిన రాత్రే వ్యానులో థాయ్‌లాండ్ సరిహద్దు ఊరు మే సోట్ తీసుకెళ్లి, నది దాటించి మయన్మార్‌లోని మయవాడిలో ఆన్‌లైన్ మోసాలు చేయించే ఒక కాంపౌండ్‌కు అప్పగించారు. పాస్‌పోర్టు లాక్కున్నారు. ఆడపిల్లల ఫొటోలతో దొంగ ప్రొఫైళ్లు పెట్టి అమెరికా వాళ్లతో చాటింగ్ చేయించారు. టార్గెట్ రాకపోతే కరెంటు షాకులు. 2025 మార్చిలో మన ప్రభుత్వం పంపిన విమానంలో తిరిగొచ్చాడు. ఇప్పుడు ఏజెంటు ఇంటికొచ్చి, ‘కేసు పెడితే మీవాడే లోపలికి పోతాడు, మోసం చేసింది వాడే కదా, సగం డబ్బులిస్తా, రాజీకి రండి’ అంటున్నాడు. ఇంకో సంగతి ఉంది. అక్కడున్నప్పుడు తమ్ముడి చేత వాడి ఒంగోలు స్నేహితుడికి ఫోన్ చేయించి అతన్నీ రప్పించారు. అతనింకా అక్కడే ఉన్నాడు. నేరం జరిగింది వేరే దేశంలో. మన పోలీసులు ఏం చేయగలరు? మేం ఏం చేయాలి?

జవాబు: మీ ప్రశ్నలో చివరి సంగతి రాయడానికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు. అందుకే దాన్ని దాటేయకుండా జవాబు చెబుతాను. ముందు ఏజెంటు సంగతి.

నేరం వేరే దేశంలో జరిగిందన్న మాట సగమే నిజం. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 143 ప్రకారం దోపిడీ కోసం మోసంతోనో, ఆశ చూపించో మనిషిని చేర్చుకోవడమే నేరం. తరలించడం, అప్పగించడం, అందుకోవడం కూడా విడివిడిగా నేరాలే. మీ తమ్ముణ్ని చేర్చుకుంది కావలిలో. డబ్బు తీసుకుంది కావలిలో. అంటే మయవాడిలో ఏం జరగబోతుందో తెలిసి పంపిన ఏజెంటు నేరం మీ ఊళ్లోనే మొదలైంది. అతని మీద కేసుకు మయన్మార్ అనుమతీ అక్కర్లేదు, థాయ్‌లాండ్ అనుమతీ అక్కర్లేదు. ‘ఇష్టపడే కదా వెళ్లాడు’ అనే వాదన కూడా నిలవదు. బాధితుడి సమ్మతికి విలువ లేదని ఆ సెక్షన్‌లోనే వివరణ ఉంది. శిక్ష ఏడేళ్ల నుంచి పదేళ్లు. ఒకరికంటే ఎక్కువ మందిని పంపి ఉంటే కనీసం పదేళ్లు, యావజ్జీవం దాకా పడొచ్చు. (2024 జులై 1కి ముందు చేర్చుకున్న వాళ్లకు పాత ఐపీసీ 370 వర్తిస్తుంది. మీవాడిది సెప్టెంబరు కాబట్టి 143.)

ఇక్కడే చాలా కుటుంబాలు దెబ్బతింటున్నాయి. స్టేషనుకు వెళ్లి ‘ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బు తీసుకుని మోసం చేశాడు’ అని అర్జీ రాసిస్తారు. పోలీసులు చీటింగ్ సెక్షన్ 318 ఒక్కటే వేసి ఎఫ్‌ఐఆర్ కడతారు. తర్వాత పెద్దమనుషుల్లో కూర్చోబెట్టి సగం డబ్బు ఇప్పిస్తారు, కోర్టు అనుమతితో కేసు రాజీ అవుతుంది. ఏజెంటు మళ్లీ ఇంకో ఊళ్లో ఇంకో పిల్లవాణ్ని పంపిస్తాడు. అతను మీకు రాజీ మాట చెబుతున్నది ఈ ధైర్యంతోనే. 143 పడితే రాజీకి దారి లేదు. ఎన్ని దేశాలు ఎన్ని ఒప్పందాలు రాసుకున్నా, అవి మీ తమ్ముడి కేసును తాకాలంటే మీ ఎఫ్‌ఐఆర్‌లో ఆ నంబరు ఉండాలి.

ఎందుకో చెబుతాను. మానవ అక్రమ రవాణా మీద ఐక్యరాజ్యసమితి 2000లో పాలెర్మో ప్రోటోకాల్ తెచ్చింది. మన దేశం దాన్ని 2011 మేలో ఆమోదించింది. 2013లో ఐపీసీ 370ని తిరగరాసినప్పుడు ఆ నిర్వచనాన్ని చాలావరకు అందులోంచే తీసుకున్నారు. అదే ఇప్పుడు 143 అయింది. థాయ్‌లాండ్ 2008లో తెచ్చుకున్న అక్రమ రవాణా నిరోధక చట్టానికీ మూలం అదే. ఒక దేశం ఇంకో దేశాన్ని సాక్ష్యాలో నిందితుణ్నో అడిగినప్పుడు, ఆ పని రెండు చోట్లా నేరమేనా అని మొదట చూస్తారు. థాయ్‌లాండ్‌తో మనకు నేర విషయాల్లో పరస్పర సహకార ఒప్పందం ఉంది, నేరస్తుల అప్పగింతకు 2013లో చేసుకున్న ఒప్పందం కూడా ఉంది. బ్యాంకాక్‌లో మీవాణ్ని వ్యాను ఎక్కించినవాళ్ల వివరాలు కావాలంటే, భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 112 కింద కోర్టు అభ్యర్థన లేఖ ఇస్తుంది, కేంద్ర హోంశాఖ ద్వారా అది అక్కడికి వెళుతుంది. 143 కేసు అయితే జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) చట్టం షెడ్యూలులో ఉంది గనక ఆ సంస్థ కూడా చేతిలోకి తీసుకోవచ్చు. ఒట్టి చీటింగ్ కేసుకు ఆ దారి లేదు.

మయన్మార్ దగ్గరికి వచ్చేసరికి కథ వేరు. అక్రమ రవాణా బాధితుల్ని రక్షించి వెనక్కి పంపడంపై మన రెండు దేశాలూ 2020 ఫిబ్రవరిలో అవగాహన పత్రం రాసుకున్నాయి. కాగితం మంచిదే. కానీ మయవాడి చుట్టుపక్కల రాజధాని నేపీడాలోని మయన్మార్ ప్రభుత్వం మాట పెద్దగా చెల్లదు, సాయుధ ముఠాల రాజ్యం అది. అక్కడ పనిచేసింది ఇరుగు పొరుగు దేశాల ఒత్తిడి. 2025 ఫిబ్రవరిలో థాయ్‌లాండ్ సరిహద్దు ఆవలి ఊళ్లకు కరెంటు, ఇంధనం ఆపేసింది. చైనా గట్టిగా పట్టుబట్టింది. అప్పుడు వేల మందిని వదిలారు. మార్చి 10, 11 తేదీల్లో మన వాయుసేన విమానాలు మే సోట్ నుంచి 549 మంది భారతీయుల్ని తెచ్చాయి. మీ తమ్ముడు వాళ్లలో ఒకడై ఉంటాడు.

మన దక్షిణాసియా ఒప్పందం సంగతి కూడా చెప్పాలి. 2002 జనవరిలో కాఠ్మాండూలో సార్క్ దేశాలు సంతకం చేసిన ఒప్పందం ఆడవాళ్లు, పిల్లలను వ్యభిచారం కోసం తరలించడానికే పరిమితం. కువైట్‌లో ఇంటిపనికని వెళ్లి చిక్కుకున్న మన ఆత్మకూరు, ఉదయగిరి ఆడవాళ్లకూ, కంప్యూటరు ముందు కట్టేసిన మీ తమ్ముడిలాంటి మగపిల్లలకూ అందులో చోటు లేదు. దీన్ని సవరించాలని మన ప్రభుత్వం అడగాలి. థాయ్‌లాండ్, మయన్మార్ రెండూ మనతో కలిసి ఉన్నది బంగాళాఖాతం చుట్టుపక్కల దేశాల కూటమి బిమ్స్‌టెక్‌లో. నేర విషయాల్లో పరస్పర సహకారంపై ఆ కూటమి 2022 మార్చిలో కొలంబోలో ఒప్పందం రాసుకుంది. రేపు ఇలాంటి కేసులకు అక్కరకు రావాల్సింది అదే.

ఇప్పుడు మీ అసలు భయం. మీ తమ్ముడి మీద కేసు పెట్టగలరా? చట్టం దృష్టిలో పెట్టగలరు. విదేశంలో భారతీయుడు చేసిన నేరాన్ని ఇక్కడ విచారించాలంటే సురక్షా సంహిత సెక్షన్ 208 కింద కేంద్రం ముందస్తు అనుమతి కావాలి, అంతే. బెదిరింపు వల్ల చేసిన పనికి న్యాయ సంహిత సెక్షన్ 32 రక్షణ ఇస్తుంది. అయితే అది తక్షణ ప్రాణభయం ఉన్నప్పుడే. కరెంటు షాకులు, ‘ఇంకో కంపెనీకి అమ్మేస్తాం’ అన్న బెదిరింపు ఆ గీత లోపలికి వస్తాయా అనేది కోర్టులో వాదించి గెలవాల్సిన విషయం. అక్రమ రవాణాతో నేరుగా ముడిపడిన తప్పులకు బాధితుణ్ని బాధ్యుణ్ని చేయకుండా ఉండే విషయం తగిన కేసుల్లో పరిశీలించాలని ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి) 2015 ఒప్పందంలో 14వ అధికరణం చెబుతోంది. థాయ్‌లాండ్, మయన్మార్ ఆ ఒప్పందంలో ఉన్నాయి, మనం లేం. మన చట్టంలో అలాంటి వాక్యం లేదు. ఇది పెద్ద లోటు. ఇలాంటి పిల్లలు నోరు విప్పకపోవడానికి ఇదే కారణమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అయినా దాచడం కంటే ముందుగా చెప్పడమే మీకు రక్ష. స్నేహితుడికి ఫోన్ చేసిన సంగతి ఇవాళ కాకపోతే రేపు ఆ కుర్రాడి తల్లిదండ్రుల ఫిర్యాదులోనో, కాల్ రికార్డులోనో బయటపడుతుంది. అప్పుడు మీ తమ్ముడు ఏజెంటు మనిషిగా కనిపిస్తాడు. అందుకని ఎవరి ముందూ నోరు తెరవక ముందే లాయర్‌తో కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పమనండి. ఎవరు ఫోన్ చేతికిచ్చారు, పక్కన ఎవరు నిలబడ్డారు, కాదన్నప్పుడు ఏం చేశారు, ఆ పిలుపుకు ఒక్క రూపాయైనా ముట్టిందా, ఇవన్నీ. కమీషన్ తీసుకుని ఉంటే అదీ చెప్పాలి, అప్పుడు సలహా మారుతుంది. ఆ తర్వాత మేజిస్ట్రేట్ ముందు సురక్షా సంహిత సెక్షన్ 183 వాంగ్మూలం ఇప్పించడమా, ఎప్పుడు అన్నది ఆ లాయర్ నిర్ణయిస్తారు. ఫీజు గురించి బెంగ వద్దు. లీగల్ సర్వీసెస్ చట్టం సెక్షన్ 12 ప్రకారం అక్రమ రవాణా బాధితుడికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. కావలి కోర్టు ఆవరణలో మండల లీగల్ సర్వీసెస్ కమిటీని అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

కాగితాల దగ్గర జాగ్రత్త. మీవాడి పాస్‌పోర్టు తిరిగి దొరికి ఉంటే దాన్ని తెరిచి చూడండి. థాయ్‌లాండ్‌లో దిగిన ముద్ర ఉంటుంది, మయన్మార్‌లోకి వెళ్లిన ముద్ర ఉండదు. ఆ ఖాళీ పేజీయే దొంగదారిన నది దాటించారనడానికి సాక్ష్యం. దొరక్కపోతే పాస్‌పోర్టు బదులు ఎంబసీ ఇచ్చిన ఎమర్జెన్సీ సర్టిఫికెట్, మే సోట్‌లో థాయ్ అధికారులు ఇచ్చిన ప్రతి కాగితం భద్రం చేయండి. అక్కడ బాధితుడని గుర్తించిన పత్రం ఉంటే అది బంగారంతో సమానం. ఫోన్ రీసెట్ చేయొద్దు, వాట్సాప్, టెలిగ్రామ్ చాట్లు చెరపొద్దు. ఫోన్‌పేలో ఏజెంటుకు పంపిన డబ్బు వివరం బ్యాంకు స్టేట్‌మెంటుతో తీసుకోండి. ప్రభుత్వంలో నమోదైన ఏజెంటు అయినా సేవా రుసుం కింద 30 వేలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఈ ఏజెంటు తీసుకున్నది లక్షా 60 వేలు. నమోదైన ఏజెంట్ల పేర్లుండే ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని పేరు వెతకండి. లేకపోతే ఆ పేజీ ప్రింటు తీసి అర్జీకి జత చేయండి. 1983 వలస చట్టం సెక్షన్ 10 ఉల్లంఘన అది, శిక్ష రెండేళ్ల దాకా. ఈ చట్టం కింద కేసుకు మామూలుగా కేంద్రం అనుమతి కావాలి. కానీ వెళ్లినవాడి తండ్రి, తల్లి, అన్న, అక్క లాంటివాళ్లు ఫిర్యాదు చేస్తే అక్కర్లేదు. అన్నగా మీ సంతకం చాలు.

అర్జీలో 143, 318, వలస చట్టం సెక్షన్లు 10, 24 పేరు పెట్టి రాయండి. ఇంటికొచ్చి బెదిరించినందుకు న్యాయ సంహిత 351 కూడా. 143కు శిక్ష ఏడేళ్లకు తక్కువ కాదు గనక ‘ముందు ప్రాథమిక విచారణ చేస్తాం’ అని పద్నాలుగు రోజులు ఆపడానికి వీల్లేదు. ఎఫ్‌ఐఆర్ కట్టకపోతే అదే అర్జీని రిజిస్టర్డ్ పోస్టులో నెల్లూరు ఎస్పీకి పంపండి, ఆ తర్వాత మేజిస్ట్రేట్ దగ్గర పిటిషన్. డబ్బు విషయంలో సగానికి సంతకం పెట్టొద్దు. నేరంతో వచ్చిన సొమ్మును జప్తు చేయమని పోలీసుల్ని అడగొచ్చు. విడిగా జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీకి సురక్షా సంహిత సెక్షన్ 396 కింద నష్టపరిహారం దరఖాస్తు పెట్టండి.

ఒంగోలు కుర్రాడి విషయంలో ఆలస్యం చేయకండి. వాళ్ల అమ్మానాన్నలకు మీరే వెళ్లి నిజం చెప్పండి. కష్టమే, తిట్టొచ్చు కూడా. వాళ్లు ఒంగోలులో విడిగా ఎఫ్‌ఐఆర్ కట్టించుకోవాలి, విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైటు మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి, ప్రవాసీ సహాయ కేంద్రం 1800 11 3090కు ఫోన్ చేయాలి. ఫిర్యాదులో ‘మయన్మార్‌లో ఎక్కడో’ అని రాస్తే ఎంబసీ ఏమీ చేయలేదు. కాంపౌండ్ పేరు, ఏ బిల్డింగు, ఏ అంతస్తు, బాస్‌ను ఏమని పిలిచేవాళ్లు, గేటు ఎదుట ఏముంది, చివరిసారి అతను పంపిన లొకేషన్, ఇవి చెప్పగలిగింది మీ తమ్ముడొక్కడే. లాయర్‌ను కలిసిన రోజే ఇవన్నీ ఒక కాగితం మీద రాయించి, రెండు ఎఫ్‌ఐఆర్ నంబర్లూ వేసి, యాంగోన్, బ్యాంకాక్ రెండు రాయబార కార్యాలయాలకూ మెయిల్ చేయించండి.