స్పీచ్ విన్నంతసేపే హుషారు... పొద్దున లేస్తే మళ్లీ మామూలే!

సమస్య: నాకు 27 ఏళ్లు. మాది సూర్యాపేట దగ్గర పల్లెటూరు. డిగ్రీ అయ్యాక గ్రూప్స్ కోసం హైదరాబాద్ వచ్చి అశోక్‌నగర్‌లో హాస్టల్‌లో ఉంటున్నాను. గ్రూప్-2 రాశాను, రాలేదు. అప్పటి నుంచి పుస్తకం పట్టబుద్ధి కావడం లేదు. రాత్రిళ్లు దుప్పటి కప్పుకుని, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని యూట్యూబ్‌లో మోటివేషన్ స్పీచ్‌లు వింటాను. వింటుంటే ఒళ్లు పులకరిస్తుంది. రేపటి నుంచి పది గంటలు చదవాలనిపిస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి వింటూ రాత్రి రెండవుతుంది. పొద్దున తొమ్మిదికి లేస్తే ఆ హుషారు ఏమీ ఉండదు, ఏడుపొస్తుంది. అమ్మ ఫోన్ చేసి ‘ఇంకెన్నేండ్లు సదువుతవే, మంచి సంబంధం వచ్చింది’ అంటోంది. ఫోన్ ఎత్తాలంటేనే భయం. రూమ్మేట్ ఆ యాప్ తీసెయ్యమంటోంది. కానీ అవి కూడా లేకపోతే నాకు ధైర్యం చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, అశోక్‌నగర్, హైదరాబాద్

సలహా: మీ ఉత్తరంలో అన్నిటికంటే మనసుకు కష్టమనిపించింది ఆ చివరి మాటే. ధైర్యం చెప్పే మనిషి లేక స్పీచ్‌లు వింటున్నారు. అందుకే యాప్ తీసేస్తే సరిపోతుందని నేను చెప్పలేను. తీసేసిన రాత్రి మీ ఒంటరితనం ఇంకాస్త పెరుగుతుంది, మర్నాడు మళ్లీ వేసుకుంటారు.

ముందు ఒక సంగతి. మీది బద్ధకం కాదమ్మా. 783 పోస్టుల గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబర్‌లో వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టులో అన్నారు, తర్వాత నవంబర్ అన్నారు, 2024 జనవరి అన్నారు, మళ్లీ ఆగస్టు అన్నారు. చివరికి 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో జరిగింది. వాయిదా పడ్డ ప్రతిసారీ నాలుగు పేపర్లూ మొదటి నుంచి తిరగేసి ఉంటారు. హాస్టల్ ఫీజు కోసం ఇంటికి ఫోన్ చేయడానికి సిగ్గుపడి ఉంటారు. రెండేళ్లు అలా లాక్కొచ్చాక పోస్టు రాకపోతే పుస్తకం చూడగానే విసుగు పుట్టడంలో వింతేముంది? ఆ బాధ ఎవరి దగ్గరా వెళ్లబోసుకోలేదు మీరు. అది లోపల అలాగే ఉండగా ‘లే, పరుగెత్తు’ అనే గొంతులను చెవిలో పెట్టుకున్నారు.

ఆ ప్రసంగాలు చెడ్డవని అనను. సమయానికి విన్న మంచి మాట మనిషిని నిలబెడుతుంది. చిక్కల్లా ఎక్కడంటే, వింటున్నప్పుడే ఉద్యోగం వచ్చేసినట్టు కళ్లకు కడుతుంది. అపాయింట్‌మెంట్ ఆర్డర్ పట్టుకుని ఊళ్లో బస్సు దిగడం, అమ్మ నలుగురికీ చెప్పుకోవడం, అన్నీ ఆ దుప్పటి కిందే జరిగిపోతాయి. గాబ్రియేల్ ఎటింగెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని చాలా ఏళ్లు పరిశీలించారు. 2002లో వెలువడిన ఒక అధ్యయనం కోసం, జర్మనీలో చదువు ముగించి ఉద్యోగాలు వెతుక్కుంటున్నవాళ్లను రెండేళ్ల తర్వాత మళ్లీ పలకరించారు. మంచి ఉద్యోగం దొరికినట్టు ఎక్కువగా ఊహల్లో తేలినవాళ్లు తక్కువ దరఖాస్తులు పెట్టుకున్నారు. వాళ్లకు వచ్చిన ఆఫర్లూ తక్కువే, జీతాలూ తక్కువే. నాకు వస్తుందన్న నమ్మకం గట్టిగా ఉన్నవాళ్లు మాత్రం ముందున్నారు. ఎకానమీలో రెండు చాప్టర్లు పూర్తయిన రోజు మీకు కలిగేది ఆ నమ్మకమే. రాత్రి రెండింటికి కలిగేది ఊహ.

పైగా ఆ వేదికల మీద మాట్లాడేది గెలిచినవాళ్లు. అయిదారేళ్ల కష్టాన్ని పావుగంటలో చెబుతారు. ఏ విశేషమూ లేని మామూలు రోజులు అందులో ఉండవు. మీకు గడవనివి ఆ మామూలు రోజులే కదా.

కాబట్టి హుషారు వచ్చాక చదువుదామని ఎదురుచూడకండి. వంట చేయబుద్ధి కాని రోజు కూడా ఉల్లిపాయ తరగడం మొదలుపెడితే కూర అయిపోతుంది. చదువూ అంతే, కూర్చున్న కాసేపటికి గానీ మనసు కుదరదు. పీటర్ గాల్‌విట్జర్ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త తేల్చింది కూడా మీకు పనికొస్తుంది. ‘రేపటి నుంచి బాగా చదవాలి’ అనుకునేవాళ్ల కంటే, ఫలానా పని అవగానే ఫలానా చోట ఇది చేస్తాను అని ముందే అనుకున్నవాళ్లు ఎక్కువగా మాట నిలబెట్టుకుంటారట. మీరు ఇలా అనుకోండి: టిఫిన్ తిని ప్లేటు కడిగి పెట్టగానే, ఫోన్ ముట్టుకోకుండా, నిన్న ఆపిన పేజీ నుంచి ఇరవై నిమిషాలు. పుస్తకాన్ని రాత్రే ఆ పేజీ దగ్గర తెరిచి బోర్లించి పెట్టుకోండి. మొదటి వారం ఆ ఇరవై నిమిషాలే చాలు. పది గంటల టైంటేబుల్ మాత్రం వేయొద్దు, అది తప్పిన మొదటి రోజే మళ్లీ దుప్పటి కిందకు వెళ్లిపోతారు. గదిలో కుదరకపోతే చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ మీకు దగ్గరే. రూమ్మేట్‌ను తోడు రమ్మనండి. మీ గురించి ఆలోచించే మనిషి ఆమె, ఆ సంగతి మీరు గమనించినట్టు లేదు.

స్పీచ్‌లు వినండి, కానీ పక్క మీద వద్దు. ఆ రోజు చదువు అయ్యాక, సాయంత్రం టీ తాగుతూ ఒక్కటి. విన్న తర్వాత రేపు చేయదగ్గ పని ఒక్కటి కాగితం మీద రాయగలిగితే అది మీకు పనికొచ్చేది. రాయలేకపోతే ఆ చానల్ వదిలేయండి. పేపర్-4కు తెలంగాణ ఉద్యమం నోట్స్ ఎలా రాసుకున్నారో, పాత ప్రశ్నపత్రాలు ఎలా చేశారో చెప్పేవాళ్ల మాటలు వెతుక్కోండి. యూట్యూబ్ సెట్టింగ్స్‌లో వాచ్ హిస్టరీ చెరిపేసి, ఆపేసి పెడితే హోమ్ పేజీలో వీడియోలు వచ్చి పడవు. ఆటోప్లే కూడా ఆపేయండి. పడుకునేటప్పుడు ఫోన్ చేతికి అందని చోట చార్జింగ్‌కు పెట్టండి.

ఏడుపొస్తోందన్నారు. దాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. నిద్ర, తిండి రెండు వారాలుగా దెబ్బతిని ఉన్నా, బతికి ఏం లాభం అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబర్ 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వ సేవ, ఉచితం, రాత్రయినా పగలయినా తెలుగులో మాట్లాడతారు. నేరుగా డాక్టర్‌ను కలవాలంటే ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఉంది. ఊళ్లో ఏమనుకుంటారో అని వెనకాడకండి.

ఇక అమ్మ. ఆమె ఫోన్ వచ్చేదాకా భయపడుతూ కూర్చునే బదులు ఈ ఆదివారం మీరే చేయండి. పోస్టు రాలేదని, చాలా బాధగా ఉందని ముందు చెప్పండి. ఆ మాట ఇంతవరకూ ఇంట్లో సరిగ్గా చెప్పలేదని నాకనిపిస్తోంది. తర్వాత ఒక గడువు చెప్పండి. దాన్ని నోటిఫికేషన్‌తో ముడిపెట్టకండి, అది మన చేతిలో లేదు. ‘వచ్చే ఏడాది ఈ నెల దాకా చదువుతా, ఈలోపు సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్ చెప్పి నా ఖర్చు కొంత నేనే చూసుకుంటా, అప్పటిదాకా సంబంధాల మాట ఎత్తొద్దు’ అని అడగండి. ఆ గడువు మీద మీరూ నిలబడాలి. నాన్న ఇంట్లో ఉన్నప్పుడు చేసి, స్పీకర్ ఆన్ చేయమనండి. లేకపోతే ఆయనకు నచ్చజెప్పే భారమంతా అమ్మ ఒక్కదాని మీదే పడుతుంది.