మెట్లెక్కే ముందు ఒక మాట

చిరంజీవి రఘుకు మామయ్య ఆశీస్సులు.

మాఘమాసంలో అలిపిరి నుంచి నడిచి కొండకు వెళ్తానని మొక్కుకున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఈ సీఓపీడీ, అదే ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలపు జబ్బు, బయటపడ్డాక పాలకేంద్రం దాకా వెళ్లడానికే జంకినవాడివి ఇంత మాట అన్నావంటే గర్వంగానే ఉంది. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

డాక్టరుగారు సరేనన్నాకే టిక్కెట్టు కొనుక్కో. ఆరు నిమిషాల నడక పరీక్ష చేయించుకుని, ఆక్సిజన్ ఎంతకు పడిపోతే ఆగాలో ఆయన చేతే రాయించుకో. రోజువారీ పీల్చే మందు ఒక్క పూటా మానవద్దు; పీల్చాక నోరు పుక్కిలించు. ఇవి నీకు తెలిసినవే.

నేను చెప్పదలచింది మీ నాన్నగారి సంగతి. ఆయనకూ ఇదే ఆయాసం. మేమిద్దరం కలిసి నడిచినప్పుడు, సామాను కింద అప్పగిస్తే దేవస్థానం వారు ఉచితంగా పైకి చేరుస్తారని, ఆయన చేతిసంచి కూడా ఇచ్చేశారు. ఇన్‌హేలరు అందులోనే ఉండిపోయింది. నాలుగు మెట్లు ఎక్కేసరికే గుర్తొచ్చిందట, అయినా పెదవి విప్పలేదు. గాలిగోపురం దాకా దారి అసలే నిటారు. మెట్టుమెట్టుకూ వంగి పసుపు కుంకుమ పెడుతూ వస్తున్న ఒక ముసలావిడ తనను దాటిపోకూడదని ఆయన అడుగు వేగం పెంచారు. కాసేపటికి పెదవులు నల్లబడి, చొక్కా గుండీలు తీసుకోవడానికి వేళ్లు సహకరించక పిట్టగోడకు చేరగిలబడ్డారు. అప్పుడు కూడా నాకు చేత్తో ఏమీ లేదన్నట్టు సైగే చేశారు. చాలాసేపు కూర్చోబెట్టి, మెల్లగా కిందికి దింపుకొచ్చాను. ఆయాసం ఆ పూటే తగ్గింది గాని, నలుగురిలో అలా అయిందన్న సిగ్గుతో ఆయన నడకే మానేశారు. కూర్చున్న కొద్దీ కాళ్లలో సత్తువ పోయి, చివరికి గుమ్మం దాకా వచ్చినా ఆయాసమే అయింది.

నువ్వూ దగ్గు వస్తే గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటున్నావట. ఏమిట్రా ఆ పని? నాకూ ఈ జబ్బు ఉంది, పెళ్లిపందిట్లోనే ఇన్‌హేలరు తీసి పీలుస్తాను. చూసేవాళ్లు చూస్తారు, వాళ్ల భోజనం వాళ్లు చేస్తారు.

ఇన్‌హేలరు చొక్కా జేబులో ఉంచుకుని, మరొకటి నీ భార్య దగ్గర ఉంచు. నిలబడి ముక్కుతో గాలి పీల్చు. అడుగు పైకి వేసేటప్పుడు వేడి పాలు ఊదినట్టు పెదవులు దగ్గరచేసి నిదానంగా వదులు. పక్కవాళ్లతో పాటు గోవింద నామం ఒక్క ఊపిరిలో పలకలేకపోతే అక్కడే కూర్చుని, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి ముందుకు వంగు. కర్పూరం వెలిగించేచోట ఆగవద్దు, ఆ పొగ నీకు పడదు. ఆ దారిలో 3,550 మెట్లున్నాయి. మీ మేడమెట్ల మీద ఈ రోజు నుంచే అభ్యాసం మొదలుపెట్టు, నొప్పి లేదు గదా అని ఒకేసారి ఎక్కువ చేయకు. మధ్యలో చాలనిపిస్తే కిందికి దిగి బస్సెక్కు. బస్సులో వచ్చినవాడికీ స్వామి దర్శనమిస్తాడు.

ప్రయాణం ముందు కఫం రంగు మారినా, పాదాలు వాచినా వెంటనే డాక్టరుగారికి చూపించుకుని తేదీ మార్చుకో. టిక్కెట్టు రద్దయితే పోయే డబ్బు నేనిస్తాను.

మీ మామయ్య