అత్తమామలతో ఒక్క రోజు బాతమ్: వెళ్ళొచ్చు, కానీ ఎటు తిరగాలో ముందే తేల్చుకోండి

సింగపూర్ చూడ్డానికొచ్చిన అత్తమామలను శనివారం పొద్దున పక్కనే ఉన్న ఇండోనేషియా దీవి బాతమ్ తీసుకెళ్ళి రాత్రికి తిరిగి రావచ్చా, డబ్బు పెట్టి వెళ్ళేంత ఏముంది అక్కడ, శాకాహారి అయిన మామగారికి తిండి దొరుకుతుందా అని అడిగారు. మా అమ్మానాన్న, పెద్దమ్మ వచ్చినప్పుడు మేమూ ఇదే పని చేశాం కాబట్టి చెప్తున్నా. శుభ్రంగా వెళ్ళి రావచ్చు. శనివారం మాత్రం వద్దు. ఒక రోజు సెలవు పెట్టుకుని వారం మధ్యలో వెళ్ళండి. వారాంతాల్లో సింగపూర్ సగం అక్కడే ఉంటుంది, ఇమిగ్రేషన్ లైన్లలో పెద్దవాళ్ళ మోకాళ్ళు అరిగిపోతాయి.

టికెట్ కొనేముందు కాగితాలు చూసుకోండి. మీ అత్తమామల సింగపూర్ వీసా ఎన్ని ఎంట్రీలకు ఇచ్చారో చూడండి. సింగిల్ జర్నీ అయితే ఈ ఆలోచన ఇక్కడితో ఆపేయండి, ఎందుకంటే బాతమ్ వెళ్ళడమంటే సింగపూర్ వదిలి వెళ్ళినట్టే. మల్టిపుల్ అయినా, తిరిగొచ్చాక ఎన్నాళ్ళు ఉండనిస్తారన్నది అధికారి ఇష్టం. అందుకే వాళ్ళ రిటర్న్ ఫ్లైట్ టికెట్ చేతిలో ఉంచుకోండి. ఇండోనేషియా వైపు మన పాస్‌పోర్టుకి వీసా ఆన్ అరైవల్ (అక్కడ దిగాక ఇచ్చే వీసా) దొరుకుతుంది. 5 లక్షల రూపియాలు, అంటే ఇంచుమించు 40 సింగపూర్ డాలర్లు. పిల్లలకు కూడా అంతే. నెల రోజులు ఉండనిచ్చే ఆ వీసాను మనం ఒక్క పూటకే ఖర్చు చేస్తాం, అది మాత్రం కాస్త ప్రాణం ఉసూరుమనిపించే విషయమే. ఆన్‌లైన్‌లో ముందే తీసుకుంటే కౌంటర్ దగ్గర ఆగే పని తప్పుతుంది. పాస్‌పోర్టు గడువు ఇంకా ఆరు నెలలు ఉండాలి. వెళ్ళేముందు ఆల్ ఇండోనేషియా అనే ఆన్‌లైన్ ఫారం నింపాలి. తిరిగొచ్చేటప్పుడు సింగపూర్ అరైవల్ కార్డ్ కూడా అందరూ నింపాల్సిందే. మలేషియాలోని జొహర్ నుంచి రోడ్డు మీద వచ్చే, సింగపూర్ వర్క్ పాస్ లాంటివి ఉన్నవాళ్ళకు అక్కర్లేదు గానీ, ఫెర్రీలో వస్తే మీకూ తప్పదు.

ఫెర్రీ సింగపూర్లో హార్బర్‌ఫ్రంట్ టెర్మినల్ నుంచి ఎక్కండి, అక్కడ బాతమ్ సెంటర్ టెర్మినల్లో దిగండి. ముప్పావు గంట నుంచి గంట ప్రయాణం. బాతమ్ టైము మనకంటే గంట వెనక, కాబట్టి ఎనిమిదింటికి బయలుదేరితే ఎనిమిది గంటల ప్రాంతంలోనే దిగుతారు. పొద్దున కలిసొచ్చిన ఆ గంట సాయంత్రం పోతుంది. తిరుగు టికెట్ మీద ఉండేది బాతమ్ టైమే, ఫోన్‌లో టైము మారిందో లేదో చూసుకోండి.

ఇక ఏముంది అక్కడ అంటే, చాలామంది నాలుగు మాటల్లో తేల్చేస్తారు: మసాజ్, షాపింగ్, సీఫుడ్, గోల్ఫ్. నాగోయా హిల్ అనే పెద్ద మాల్‌లో తిరిగి, కాళ్ళు పట్టించుకుని వచ్చేస్తారు. అది తప్పని అనను. కానీ సింగపూర్లో మాల్స్ చూసి చూసి విసిగిన పెద్దవాళ్ళను సముద్రం దాటించి ఇంకో మాల్‌కి తీసుకెళ్ళడం నాకు నచ్చదు. బీచ్ అనుకుని కూడా వెళ్ళకండి, అది బాలీ కాదు. బాతమ్ ఫ్యాక్టరీల ఊరు, ఓడలు కట్టే ఊరు. 1970ల నుంచి ఇండోనేషియా ప్రభుత్వం సింగపూర్‌కి పక్కవాద్యంలా పెంచింది. తర్వాత దేశాధ్యక్షుడైన హబీబీ చాలా ఏళ్ళు ఆ పని చూశాడు.

నా మాట వింటే దక్షిణానికి వెళ్ళండి. రోజంతా డ్రైవర్‌తో కారు మాట్లాడుకోండి. గ్రాబ్, గోజెక్ అనే టాక్సీ యాప్‌లు రెండూ ఉన్నాయి గానీ టెర్మినల్ గుమ్మం దగ్గరికి అవి రావడం కష్టం, అక్కడ లోకల్ టాక్సీలదే రాజ్యం. కాలిబాట వంతెన దాటి ఎదురుగా ఉన్న మెగా మాల్ వైపు వెళ్తే బండి దొరుకుతుంది. దూరం వెళ్ళడానికి మాత్రం ముందే మాట్లాడిన కారే మేలు, లేకపోతే వెనక్కి రావడానికి బండి ఉండదు.

బాతమ్, రెంపాంగ్, గలాంగ్ అనే దీవులను, వాటి మధ్య చిన్న దీవులను కలుపుతూ ఆరు వంతెనలున్నాయి. మూడు పేర్లలోంచి ముక్కలు తీసి బారెలాంగ్ అంటారు. మొదటిది తీగల వంతెన, పొడవు 642 మీటర్లు. అందరూ ఫొటోలు దిగేది అక్కడే. డ్రైవర్లకి అది 'జెంబతాన్ సాతు', ఒకటో నంబరు వంతెన. వంతెన చివర మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముతారు, కొబ్బరిబొండాలు ఉంటాయి. మిగతా ఐదూ మామూలు వంతెనలే, దాటుతున్నామని కూడా తెలియదు. వాటికి మలయ్ సుల్తానుల, వీరుల పేర్లు పెట్టారు. మూడోదానికి మాత్రం రాజా అలీ హాజీ అనే 19వ శతాబ్దపు కవి, వ్యాకరణకర్త పేరుంది. తెలుగు మాస్టారుగా రిటైరైన మా నాన్న ఈ ముక్క విని, వ్యాకరణం రాసినవాడికి వంతెన కట్టే దేశం బాగుపడుతుందని తీర్మానించాడు. దారిలో వచ్చే రెంపాంగ్ పాత మలయ్ పల్లెల దీవి. పరిశ్రమల కోసం ఖాళీ చేయమంటే 2023లో జనం తిరగబడింది ఇక్కడే.

చివరిదాకా, గలాంగ్ దాకా వెళ్ళండి. టెర్మినల్ నుంచి గంటపైనే పడుతుంది. వియత్నాం యుద్ధం ముగిశాక పడవల్లో పారిపోయి వచ్చినవాళ్ళకు 1979లో ఇక్కడ శిబిరం తెరిచారు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ, ఇండోనేషియా ప్రభుత్వం కలిసి 1996 దాకా నడిపాయి. సుమారు రెండున్నర లక్షల మంది ఇక్కడ ఆగి అమెరికా, ఆస్ట్రేలియా, కెనడా లాంటి చోట్లకు వెళ్ళారు. ఒక ఊరే అది: ఆసుపత్రి, బడి, చర్చి, బౌద్ధ గుడి, జైలు. ఇప్పుడు చెట్లు కమ్మేశాయి, కోతులు తిరుగుతుంటాయి (తినుబండారాలు కారులోనే ఉంచండి). శ్మశానంలో 503 సమాధులున్నాయి. అక్కడే చనిపోయినవాళ్ళ పిల్లలు, బంధువులు ఇప్పటికీ దేశదేశాల నుంచి వచ్చి అగరొత్తులు వెలిగించి వెళ్తారు. వాళ్ళొచ్చిన పడవలు కొన్ని ఎండలో నిలబెట్టి ఉంచారు. ఏ దేశమూ తీసుకోక, చివర్లో వెనక్కి పంపేస్తామన్నప్పుడు కొంతమంది ఆ పడవల్నే తగలబెట్టి నిరసన తెలిపారట. దగ్గరికెళ్ళి చూడండి, అంత చెక్కలో అంతమంది సముద్రం దాటారా అనిపిస్తుంది. మ్యూజియంలో గోడ నిండా శిబిరంలో తీసిన ఫొటోలున్నాయి.

మా పెద్దమ్మ విశాఖలో కంచరపాలెం వైపు పెరిగిన మనిషి. బర్మా నుంచి తరలివచ్చిన తెలుగువాళ్ళుండే బర్మా క్యాంపు ఆమెకు చిన్నప్పటి నుంచి తెలుసు. మాతో తిరిగిన అన్ని చోట్లలో ఆమె నోరు విప్పి గంటసేపు మాట్లాడింది ఇక్కడే. మా అమ్మకి మాత్రం దిగులు పుట్టి, తొందరగా కారెక్కేద్దామంది. మీ అత్తగారు ఎలాంటివారో మీకు తెలుసు కదా, అది చూసుకుని నిర్ణయించుకోండి. ఆవిడకు ఇలాంటివి పడకపోతే మొదటి వంతెన చూసి వెనక్కి తిరగండి, సాయంత్రం బోలెడు మిగులుతుంది.

మామగారి తిండి విషయానికొస్తే, బాతమ్‌లోనే సుంగై పనాస్ అనే పేటలో మహా విహార దూత మైత్రేయ అనే పెద్ద బౌద్ధ ఆలయం ఉంది. అక్కడ శాకాహార భోజనశాల ఉంది, బెంగ లేకుండా తినొచ్చు. పేర్లో మాటలన్నీ మనవే కాబట్టి పెద్దవాళ్ళు బోర్డు దగ్గరే సగం సంతోషపడతారు. మామూలు హోటళ్ళలో గాదో-గాదో (ఉడికించిన కూరలు, పల్లీల పచ్చడి), తాహు (టోఫు), తెంపె (పులియబెట్టిన సోయా గింజల ముద్ద) దొరుకుతాయి గానీ పచ్చళ్ళలో తెరాసి అనే రొయ్యల ముద్ద కలుపుతారు. 'తెరాసి వద్దు' అనడానికి 'తన్పా తెరాసి' అనండి. గుడ్డుని 'తెలూర్' అంటారు, పొరలు పొరలుగా ఉండే లాపిస్ కేకులో గుడ్లు బోలెడు. మాంసాహారులైతే గోంగోంగ్ అనే సముద్రపు నత్తలను వదలకండి.

రూపియాలు సింగపూర్లోనే మార్చుకోండి. ఒక్కో లక్ష నోటు చూసి మా నాన్న జీవితంలో మొదటిసారి లక్షాధికారినయ్యానన్నాడు, టీ కొట్టు దగ్గరికి వెళ్ళేసరికి ఆ సంబరం తగ్గింది.

తిరుగు ఫెర్రీకి గంట ముందే టెర్మినల్లో ఉండండి. ఆఖరి ఫెర్రీకి కాకుండా దానికి ముందుదానికి బుక్ చేసుకుంటే మనశ్శాంతి. సిగరెట్లు, మందు తేవద్దు. 48 గంటల లోపు తిరిగొచ్చేవాళ్ళకు మందు మీద డ్యూటీ మినహాయింపు లేదు, సిగరెట్లకైతే ఎవరికీ లేదు. ఇంకోటి చాలామందికి తెలియదు: టూరిస్టులకు 100 డాలర్ల సరుకు దాకా జీఎస్టీ మినహాయింపు ఉంది గానీ, వర్క్ పాస్, డిపెండెంట్ పాస్ ఉన్న మనకు అది వర్తించదు. మామగారు తన కోసం కొనుక్కున్నవి ఆయన సంచీలోనే ఉంచండి, బిల్లు కూడా ఆయన పేరునే ఉండనివ్వండి.